ఒకే రికార్డుకి రెండు అంకెలు: బేస్‌బాల్ మైలురాళ్ళలో ఏది రాసుకోవాలి?

కొత్తబంతి (ప్రశ్న)

నమస్తే అందరికీ. మేజర్ లీగ్ బేస్‌బాల్ మైలురాళ్ళను ఆటగాడి పేరు, అంకె, తేదీ అని మూడు గడుల పట్టికగా రాస్తున్నాను. కొన్ని రికార్డులకు రెండేసి, మూడేసి అంకెలు తగులుతున్నాయి. ఇవి ఎంతకీ తేలడం లేదు:

టై కాబ్ మొత్తం హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరినవి) ఒకచోట 4,191, ఇంకోచోట 4,189. అతని కెరీర్ సగటు .367 అని కొందరు, .366 అని కొందరు. పైగా ఇప్పుడు సగటులో మొదటి స్థానం కాబ్‌ది కాదట, జాష్ గిబ్సన్‌దట. అది ఎప్పుడు మారింది?

ఒక సీజన్ సగటు అనగానే అందరూ టెడ్ విలియమ్స్ .406 అంటారు. కానీ .440, .466 కూడా కనబడుతున్నాయి. మరి .406కి అంత పేరెందుకు?

జో డిమాజియో వరుసగా 56 మ్యాచుల్లో హిట్ కొట్టాడు. ఒక మ్యాచ్‌లో బ్యాటర్‌కి అన్నీ వాక్‌లే (నాలుగు చెడ్డ బంతులు వేసి ఊరికే మొదటి బేస్‌కి పంపడం) ఇస్తే ఆ వరుస తెగినట్టా? కాల్ రిప్కెన్ 2,632 మ్యాచులు వరుసగా ఆడాడు. అక్కడ "ఆడినట్టు" అనిపించుకోవడానికి కనీసం ఏం చేయాలి?

రోజర్ మారిస్ 61 హోమ్ రన్‌ల పక్కన నక్షత్రం గుర్తు పెట్టాలా వద్దా?

సై యంగ్ 511 విజయాలు ఇక ఎవరూ దాటలేరంటారు. కారణం మాత్రం ఎవరూ వివరంగా చెప్పడం లేదు.

పెన్సిల్‌స్కోరు

సగటు సంగతి నేను చెబుతాను, మిగతావి తెలిసినవాళ్ళు అందుకుంటారు.

ముందు ఒక మాట. క్రికెట్‌లో సగటు అంటే పరుగుల్ని అవుట్లతో భాగిస్తాం. ఇక్కడ హిట్లను ఎట్-బ్యాట్‌లతో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులతో) భాగిస్తారు, మూడు దశాంశాలకు సవరిస్తారు. వాక్‌లు, ఒంటికి బంతి తగిలి బేస్‌కి వెళ్ళినవి, శాక్రిఫైస్ బంట్‌లు (తాను అవుటైనా రన్నర్‌ని ముందుకు జరపడానికి బంతిని మెల్లగా తాకించి వదిలినవి) ఎట్-బ్యాట్‌ల కింద లెక్కలోకి రావు. ఎట్-బ్యాట్‌లతో ఇవన్నీ కలిపిన మొత్తాన్ని ప్లేట్ అప్పియరెన్స్‌లు అంటారు. ఈ రెండు మాటలు కలగాపులగం చేస్తే పట్టిక మొత్తం తప్పుతుంది.

విలియమ్స్ 1941 లెక్క చూడండి. సెప్టెంబర్ 28 పొద్దున, సీజన్ ఆఖరి రోజున, అతనివి 448 ఎట్-బ్యాట్‌లలో 179 హిట్లు. భాగిస్తే .39955. మూడు దశాంశాలకు సవరిస్తే .400. బెంచి మీద కూర్చున్నా .400 నిలిచేది. మేనేజర్ జో క్రోనిన్ కావాలంటే ఆడొద్దని కూడా చెప్పాడు. విలియమ్స్ ఫిలడెల్ఫియాలోని షైబ్ పార్క్‌లో ఆ రోజున్న రెండు మ్యాచులూ ఆడాడు. మొదటి దాంట్లో 5కి 4 (5 ఎట్-బ్యాట్‌లలో 4 హిట్లు). అంటే 453కి 183, సగటు .404. ఆ క్షణం నుంచి అతనికి దిగులు లేదు: రెండో మ్యాచ్‌లో 4 ఎట్-బ్యాట్‌లూ వృథా అయినా 457కి 183, అప్పుడూ .400 పైనే. అయినా 3కి 2 కొట్టాడు. చివరికి 456కి 185, అంటే .4057. అదే .406.

ఇందులో చాలామంది వదిలేసే అంశం ఒకటుంది. బంతిని గాల్లోకి లేపి క్యాచ్ అయినా, దాని మీద మూడో బేస్ రన్నర్ హోమ్‌కి చేరితే దాన్ని శాక్రిఫైస్ ఫ్లై అంటారు. ఇప్పుడైతే అది ఎట్-బ్యాట్ కాదు. 1941లో మాత్రం ఎట్-బ్యాటే, బ్యాటర్ సగటు పడిపోయేది. ఇప్పుడున్న మినహాయింపు 1954లో వచ్చింది. ఆ మినహాయింపు లేకుండానే విలియమ్స్ .406 చేశాడు. పైగా ఆ సీజన్ మొత్తంలో 37 హోమ్ రన్‌లు కొట్టి, 27 సార్లే స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులు పడి అవుట్) అయ్యాడు. నాకు ఈ రెండో అంకె .406 కన్నా గొప్పగా కనబడుతుంది.

ఇక .440. అది హ్యూ డఫీది, 1894. అంతకు ముందు ఏడాదే పిచ్చర్‌ని వెనక్కి జరిపి 60 అడుగుల 6 అంగుళాల దూరం పెట్టారు. పిచ్చర్లకు ఆ దూరం అలవాటు పడేలోగా సగటులన్నీ ఉబ్బిపోయాయి. 1887లోనైతే ఒక్క సీజన్ పాటు వాక్‌లను కూడా హిట్లుగా లెక్కపెట్టారు, తర్వాత మానేశారు. అందుకే చాలామంది 1901 నుంచి "ఆధునిక యుగం" అని గీత గీస్తారు. మీ పట్టికలో కూడా ఆ గీత ఉండాలి.

.466 జాష్ గిబ్సన్‌ది, 1943, హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టుకు. నల్లజాతి ఆటగాళ్ళను మేజర్ లీగులు బయట ఉంచిన కాలంలో వాళ్ళు ఆడినవి నీగ్రో లీగులు. 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు లీగులను మేజర్ లీగులుగా 2020 డిసెంబర్‌లో గుర్తించారు. వాటి అంకెలను అధికారిక రికార్డుల్లో కలిపింది 2024 మేలో. ఆ రోజుతో గిబ్సన్ కెరీర్ సగటు .372 మొదటి స్థానానికి వచ్చింది, కాబ్ రెండుకి దిగాడు. స్లగ్గింగ్‌లో (ఒక ఎట్-బ్యాట్‌కి సగటున హిట్లతో వచ్చిన బేస్‌లు) కూడా బేబ్ రూత్ .690ని గిబ్సన్ .718 దాటింది.

సీజన్ చిన్నది కదా, పోల్చవచ్చా అనేవాళ్ళు ఉన్నారు. ఆ లీగుల సీజన్లు సుమారు 60 మ్యాచులవే, నిజమే. కానీ 2020లో మేజర్ లీగులు ఆడినవీ 60 మ్యాచులే, ఆ సీజన్ విజేతల పేర్లు ఎవరూ కొట్టేయలేదు. పొడవైన సీజన్ ఆడే అవకాశం గిబ్సన్‌కి ఇవ్వనివాళ్ళు, సీజన్ పొట్టిదని అతన్ని పక్కనపెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. కాబట్టి "చివరిసారి .400 దాటింది విలియమ్స్" అని రాయకండి. "అమెరికన్, నేషనల్ లీగుల్లో (ఇప్పటి మేజర్ లీగ్‌లోని రెండు లీగులు) చివరిసారి" అని రాయండి. గిబ్సన్ 1943, విలియమ్స్ తర్వాతదే.

సగటు పట్టికలోకి ఎక్కాలంటే కనీస అర్హత ఉంది: జట్టు ఆడాల్సిన మ్యాచ్ ఒక్కింటికి 3.1 ప్లేట్ అప్పియరెన్స్‌లు. 162 మ్యాచులకు 502. తగ్గితే ఏమవుతుందో టోనీ గ్విన్ 1996 చూస్తే తెలుస్తుంది. అతనివి 498. నాలుగు తగ్గాయి. నియమం ప్రకారం ఆ నాలుగూ హిట్ లేని ఎట్-బ్యాట్‌లుగా కలిపి చూస్తారు: 451కి 159 కాస్తా 455కి 159 అయి .349కి దిగుతుంది. అయినా రెండో స్థానంలోని ఎలిస్ బర్క్స్ .344 కన్నా ఎక్కువే. కాబట్టి కిరీటం గ్విన్‌దే. రికార్డులో మాత్రం అసలు సగటు .353 అనే రాస్తారు, కలిపి చూసింది కాదు.

1941 తర్వాత ఈ రెండు లీగుల్లో .400కి దగ్గరగా వచ్చింది కూడా గ్విన్నే: 1994లో 419కి 165, .394. సమ్మెతో ఆగస్టులోనే ఆ సీజన్ ఆగిపోయింది. అతని కన్నా ముందు జార్జ్ బ్రెట్ 1980లో .390.

దుమ్మురేపేస్లైడ్

పెన్సిల్‌స్కోరు గారు కాబ్ హిట్ల సంగతి వదిలేశారు, అది నేను చెబుతాను.

1910లో అమెరికన్ లీగ్ సగటు కిరీటం కోసం కాబ్, నాప్ లజోయ్ నువ్వా నేనా అన్నట్టు ఉన్నారు. గెలిచినవాడికి చామర్స్ కంపెనీ కారు బహుమతి. ఆఖరి రోజు సెయింట్ లూయిస్ బ్రౌన్స్ తమ మూడో బేస్ ఫీల్డర్‌ని కావాలని బాగా వెనక నిలబెట్టారు. లజోయ్ ఆ ఖాళీలోకి బంట్ మీద బంట్ వేసి, రెండు మ్యాచుల్లో కలిపి 8 హిట్లు మూటగట్టాడు. పెద్ద గొడవైంది. లీగ్ చివరికి కాబ్‌నే విజేత అంది, కంపెనీ ఇద్దరికీ కార్లు ఇచ్చింది.

దాదాపు డెబ్బై ఏళ్ళ తర్వాత పాత స్కోరు కాగితాలు తిరగేసినప్పుడు అసలు లోపం బయటపడింది: కాబ్ 3కి 2 కొట్టిన మ్యాచ్ ఒకటి రెండుసార్లు ఎక్కింది. ఆ రెండు హిట్లు తీసేస్తే 4,191 కాస్తా 4,189. కెరీర్ సగటు .3665 అనే గట్టుకి అటూ ఇటూ ఉంది కాబట్టి సవరణతో .367 పోయి .366 అవుతుంది. అప్పటి కమిషనర్ బౌవీ కూన్ ఈ దిద్దుబాటును ఒప్పుకోలేదు. అందుకే పాత అధికారిక అంకె ఒకటి, పరిశోధకుల అంకె ఇంకొకటి, రెండూ ఇప్పటికీ తిరుగుతున్నాయి.

దీనివల్ల పీట్ రోజ్ తేదీ కూడా ఇరకాటంలో పడుతుంది. రోజ్ 4,192వ హిట్ కొట్టింది 1985 సెప్టెంబర్ 11న, సిన్సినాటిలో, పిచ్చర్ ఎరిక్ షో బంతిపై. ఊరంతా పండగ చేసుకున్నది ఆ రోజే. కానీ కాబ్‌వి 4,189 అనుకుంటే, రోజ్ 4,190వ హిట్ కొట్టిన సెప్టెంబర్ 8నే, షికాగో రిగ్లీ ఫీల్డ్‌లోనే, ఆ రికార్డు దాటేసినట్టు. పట్టికలో సెప్టెంబర్ 11 పెట్టి, పక్కన "అప్పటి అధికారిక అంకె 4,191 ప్రకారం" అని రాయండి. రోజ్ మొత్తం 4,256 దగ్గర మాత్రం పేచీ లేదు.

ఇలాంటిదే హ్యాక్ విల్సన్ కేసు. 1930లో అతని ఆర్‌బీఐలు (అతని బ్యాటింగ్‌తో జట్టుకి వచ్చిన పరుగులు) 190 అని తరాల తరబడి పుస్తకాల్లో ఉంది. జట్టు సహచరుడు చార్లీ గ్రిమ్ ఖాతాలో పడిన ఒకటి నిజానికి విల్సన్‌దని తేలాక 1999లో అధికారికంగా 191 చేశారు. 190 అని ఉన్న పుస్తకం దొరికితే అది 1999కి ముందుదని అనుకోవచ్చు.

రెండోబేస్

వరుసల గురించి. హిట్టింగ్ వరుసకి, ఆడిన మ్యాచుల వరుసకి నియమాలు వేరు వేరు. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే.

హిట్టింగ్ వరుస: ఆ మ్యాచ్‌లో బ్యాటర్ ప్లేట్ అప్పియరెన్స్‌లు అన్నీ వాక్, ఒంటికి తగిలిన బంతి, ఫీల్డర్ అడ్డుపడటం, శాక్రిఫైస్ బంట్, వీటితోనే ముగిస్తే వరుస తెగదు. పెరగదు కూడా, ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. శాక్రిఫైస్ ఫ్లై ఒక్కటి ఉండి, హిట్ లేకపోతే మాత్రం తెగుతుంది. బంట్‌కి రక్షణ, ఫ్లైకి లేదు. మీ ప్రశ్నకి జవాబు: అన్నీ వాక్‌లే అయితే తెగదు.

డిమాజియో వరుస 1941 మే 15న మొదలై జూలై 16 దాకా సాగింది. 56 మ్యాచుల్లో 223కి 91, సగటు .408, 15 హోమ్ రన్‌లు. దారిలో జార్జ్ సిస్లర్ 41, విల్లీ కీలర్ 44 దాటాడు. మర్నాడు జూలై 17న క్లీవ్‌లాండ్‌లో 67,468 మంది చూస్తుండగా తెగింది. మొదటి ఇన్నింగ్స్‌లో మూడో బేస్ గీత వెంబడి దూసుకెళ్ళిన బంతిని కెన్ కెల్ట్‌నర్ బేస్ వెనక నుంచి వెనుచేత్తో అందుకుని మొదటి బేస్‌కి విసిరాడు. నాలుగులో వాక్. ఏడులో మళ్ళీ అదే గీత, మళ్ళీ అదే కెల్ట్‌నర్. ఎనిమిదిలో షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) లూ బూద్రో వైపు కొట్టిన బంతి చివర్లో ఎగిరినా అతను వదల్లేదు, డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్). గట్టిగా కొట్టిన బంతులు సరైన చోట నిలబడ్డ మనిషి దగ్గరికి వెళ్ళాయి, అంతే.

ఎంత కష్టమో లెక్క కట్టి చూద్దాం. ఆ ఏడాది అతని సగటు .357. ఒక మ్యాచ్‌కి 4 ఎట్-బ్యాట్‌లు అనుకుంటే, ఒక్కటీ తగలకపోయే అవకాశం .643ని నాలుగుసార్లు గుణిస్తే వచ్చే .171. అంటే కనీసం ఒక్క హిట్ వచ్చే అవకాశం 83 శాతం. దాన్ని 56 సార్లు గుణించండి: ఎంచుకున్న ఏ 56 మ్యాచులకైనా సుమారు 36,000లో ఒకటి. మూడే ఎట్-బ్యాట్‌లు దొరికిన రోజున 83 శాతం 73కి పడిపోతుంది. అందుకే ఎక్కువ వాక్‌లు తీసుకునే గొప్ప బ్యాటర్‌కి ఈ రికార్డు ఇంకా దూరం. విలియమ్స్ లాంటివాడికి అతని సహనమే ఇక్కడ అడ్డం. డిమాజియో తర్వాత 44కి చేరినవాడు పీట్ రోజ్ ఒక్కడే, 1978లో. మధ్యలో మిగిలిన 12 మ్యాచుల దూరం చిన్నదిగా కనబడుతుంది, కాదు. పై లెక్కనే వాడితే 44 చేరినవాడు అక్కణ్ణుంచి 56కి చేరే అవకాశం పదింట ఒక్కటే.

ఆడిన మ్యాచుల వరుస: ఫీల్డింగ్‌లో సగం ఇన్నింగ్స్ పూర్తిగా ఉండాలి, లేదా బ్యాటింగ్‌కి వచ్చి బేస్ చేరడమో అవుటవడమో ఏదో ఒకటి పూర్తి చేయాలి. వేరేవాడి బదులు పరిగెత్తడానికి మాత్రమే వస్తే లెక్కలోకి రాదు. అంటే మనసుంటే వరుసని పలచగా లాగొచ్చు. లూ గెరిగ్‌కి 1934 జూలైలో డెట్రాయిట్‌లో నడుం పట్టేసింది. అతన్ని షార్ట్‌స్టాప్‌గా చూపించి మొదటి బ్యాటర్‌గా దింపారు. ఒక సింగిల్ (ఒక బేస్ హిట్) కొట్టి బయటికి వెళ్ళిపోయాడు. వరుస నిలిచింది. గెరిగ్ 2,130 మ్యాచుల ఘనత దీనివల్ల తగ్గిందని నేననను, కానీ అందులో ఇలాంటి మ్యాచ్ కూడా ఉందని తెలిసి ఉండాలి.

రిప్కెన్ అలా లాగినవాడు కాదు. ఆ వరుస లోపలే 8,243 ఇన్నింగ్స్ ఒక్కటీ వదలకుండా ఆడిన వరుస ఇంకొకటి ఉంది. 1982 మే 30 నుంచి 1998 సెప్టెంబర్ 19 దాకా 2,632. ఏడాదికి 162 చొప్పున చూస్తే 16 సీజన్లు నిండా ఆడి, ఇంకో 40 ఆడాలి. తేదీ గడిలో 1995 సెప్టెంబర్ 6 రాయండి, గెరిగ్‌ని దాటిన 2,131వది. ఆ రాత్రి సంబరం మ్యాచ్ అయిపోయాక కాదు, మధ్యలో జరిగింది. ఐదో ఇన్నింగ్స్ పైసగం (బయటి జట్టు బ్యాటింగ్) ముగిసి, సొంత మైదానం జట్టు ఆధిక్యంలో ఉంటే, వానొచ్చి ఆగిపోయినా ఆ మ్యాచ్ అధికారికం. రిప్కెన్ జట్టు బాల్టిమోర్ ఆధిక్యంలో ఉంది, పైసగం ముగిసింది, కుడి ఫీల్డ్ వెనకున్న గోదాము గోడ మీద అంకె 2,130 నుంచి 2,131కి మారింది. ఆట 22 నిమిషాలు ఆగింది.

కొత్తబంతి

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరం అనుకోలేదు. బంట్‌కీ ఫ్లైకీ తేడా ఎక్కడా చూడలేదు. మారిస్, సై యంగ్ మిగిలాయి. ఇంకొక సందేహం: జపాన్ ఆటగాడు ఇచిరో హిట్లు 4,367 అని రాసినవాళ్ళున్నారు, అలాగైతే రోజ్ రెండో స్థానమా?

కంచెదాటింది

ఇచిరోది ముందు తేల్చేద్దాం. మేజర్ లీగుల్లో 3,089, జపాన్‌లో 1,278, కలిపితే 4,367. మేజర్ లీగ్ రికార్డు పట్టికలో రోజ్ 4,256 మొదటిదే. రెండు దేశాలు కలిపిన వరుస వేరే పెట్టుకోండి. ఇచిరోకి తిరుగులేనిది 2004: ఒక సీజన్‌లో 262 హిట్లు, సిస్లర్ 1920లో చేసిన 257ని 84 ఏళ్ళకు దాటాడు. వాటిలో 225 సింగిల్సే. అలాగే సదహరు ఓ 868 హోమ్ రన్‌లు జపాన్ లీగ్ రికార్డు. మేజర్ లీగ్ రికార్డు అయిన బ్యారీ బాండ్స్ 762తో ఒకే గడిలో పెట్టకూడదు.

మారిస్ పక్కన నక్షత్రం పెట్టకండి. అసలు అధికారిక పుస్తకంలో ఆ గుర్తు ఎప్పుడూ లేదు. జరిగింది ఇది. అమెరికన్ లీగ్‌లో 8 జట్లున్నప్పుడు ఒక్కో జట్టు మిగతా 7 జట్లతో 22 చొప్పున 154 ఆడేది. 1961లో జట్లు 10 అయ్యాయి: 9 జట్లతో 18 చొప్పున 162. రూత్ 60 కొట్టింది 154 మ్యాచుల సీజన్‌లో, 1927లో. కాబట్టి 154 లోపల దాటకపోతే వేరుగా నమోదు చేయాలని కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ సీజన్ మధ్యలో ప్రకటించాడు. జట్టు 154 మ్యాచులు పూర్తయ్యేసరికి మారిస్ 59 దగ్గర ఉన్నాడు. 61వది అక్టోబర్ 1న, సీజన్ ఆఖరి రోజున, ట్రేసీ స్టాలర్డ్ బంతిపై. అప్పట్నుంచి రెండు అంకెలు రెండు వరుసల్లో ఉండేవి. 1991లో రికార్డుల సంఘం ఆ విభజన తీసేసింది. మారిస్ 1985లోనే చనిపోయాడు, ఒకే వరుసలో తన పేరు చూసుకోలేదు.

ఆ విభజన ఎంత అన్యాయమో ఒక్క లెక్క చెబుతుంది. మ్యాచులు ఎక్కువే, కానీ ప్లేట్ అప్పియరెన్స్‌లు రూత్‌వి 691, మారిస్‌వి 698. తేడా ఏడే.

ఇప్పుడు రాయాల్సినవి: సీజన్ రికార్డు బ్యారీ బాండ్స్ 73 (2001), అమెరికన్ లీగ్ రికార్డు ఆరన్ జడ్జ్ 62 (2022 అక్టోబర్ 4). కెరీర్ బాండ్స్ 762. శిక్షలతో కూడిన డ్రగ్ పరీక్షలు 2004లో మొదలయ్యాయి. 1998లో మార్క్ మెగ్వైర్ 70, బాండ్స్ 73 అంతకు ముందువి. రికార్డు పుస్తకం ఎవరి అంకెనీ తొలగించలేదు, మీరూ తొలగించకండి. సీజన్ తేదీ రాస్తే చదివేవాళ్ళకి ఏ కాలమో తెలుస్తుంది.

హ్యాంక్ ఆరన్‌కి మాత్రం రెండు వరుసలు ఇవ్వండి. 1974 ఏప్రిల్ 8, అట్లాంటాలో అల్ డౌనింగ్ బంతిపై 715వది, రూత్ 714ని దాటింది. మొత్తం 755. ఒక్క సీజన్‌లోనూ 50 కొట్టలేదు, గరిష్టం 47. కానీ 1955 నుంచి 1974 దాకా 20 సీజన్లు వరుసగా 20కి తగ్గలేదు. మొత్తం హిట్లు 3,771. హోమ్ రన్‌లన్నీ తీసేసినా 3,016 మిగులుతాయి, అప్పుడూ 3,000 క్లబ్‌లోనే ఉంటాడు. ఆర్‌బీఐలు 2,297, మేజర్ లీగ్ రికార్డు ఇప్పటికీ ఇదే.

అరవైఅడుగులు

పిచ్చర్ల వంతు. సై యంగ్ 511 (1890 నుంచి 1911). ఏడాదికి 20 చొప్పున 25 ఏళ్ళు గెలిచినా 500. ఇప్పటి పిచ్చర్లు బలహీనులని కాదు, ఆ అంకెకి దారే మూసుకుపోయింది. నేడు ఐదుగురు పిచ్చర్లు వంతులవారీగా దిగుతారు, ఒక్కొక్కరికి ఏడాదికి 32, 33 ప్రారంభాలు. ప్రారంభ పిచ్చర్‌కి విజయం రావాలంటే కనీసం 5 ఇన్నింగ్స్ వేసి, ఆధిక్యంతో దిగిపోవాలి, ఆ ఆధిక్యం చివరిదాకా నిలవాలి. ఐదారు ఇన్నింగ్స్ తర్వాత మార్చేయడం రివాజయ్యాక, మిగతా మూడు నాలుగు ఇన్నింగ్స్‌లో సాయం పిచ్చర్లు స్కోరు సమం కానిచ్చారా, అతని విజయం పోయినట్టే. యంగ్ ఆ చిక్కు లేనివాడు: 749 మ్యాచులు మొదట్నుంచి చివరిదాకా తానే వేశాడు. 300 విజయాలు చేరినవాళ్ళే 24 మంది. చివరివాడు రాండీ జాన్సన్, 2009 జూన్ 4.

ఈఆర్ఏ (9 ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఇచ్చిన ఎర్న్‌డ్ రన్‌ల సగటు) విషయంలో బాబ్ గిబ్సన్ 1968ని తప్పక రాయండి (జాష్ గిబ్సన్ వేరు, కలపకండి). ఇచ్చిన ఎర్న్‌డ్ రన్‌లు (ఫీల్డర్ల పొరపాటు వల్ల కాకుండా వచ్చిన పరుగులు) 38, వేసిన ఇన్నింగ్స్ 304 మీద మూడింట రెండు వంతులు. 38ని 9తో గుణించి ఇన్నింగ్స్‌తో భాగిస్తే 1.12. 34 ప్రారంభాల్లో 28 పూర్తి చేశాడు, 13 షటవుట్లు (ఎదుటి జట్టుకి ఒక్క పరుగూ ఇవ్వనివి). అలాంటి ఏడాది కూడా 9 ఓడాడు, ఎందుకంటే అతని జట్టుకీ పరుగులు రాలేదు. ఆ సీజన్‌లో అమెరికన్ లీగ్ మొత్తంలో .300 దాటింది కార్ల్ యస్ట్రెమ్స్కీ ఒక్కడే, .301తో కిరీటం గెలిచాడు. 1963లో స్ట్రైక్ జోన్‌ని (బంతి స్ట్రైక్‌గా లెక్కయ్యే హద్దు) భుజం పైదాకా పెంచిన ఫలితం అది. 1969లో మౌండ్‌ని (పిచ్చర్ నిలబడే దిబ్బ) 15 అంగుళాల నుంచి 10కి దించి, జోన్‌ని చంక దగ్గరికి తగ్గించారు. కాబట్టి 1.12 పక్కన "15 అంగుళాల మౌండ్" అని రాస్తే తెలిసినవాళ్ళు మెచ్చుకుంటారు.

నో-హిట్టర్‌ల (ఎదుటి జట్టుకి ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచుల) జాబితాలో కూడా పాత పుస్తకాలు తప్పుదోవ పట్టిస్తాయి. 1991లో నిర్వచనం బిగించారు: 9 ఇన్నింగ్స్ లేదా అంతకన్నా ఎక్కువ సాగాలి, మ్యాచ్ పూర్తయ్యేదాకా ఒక్క హిట్టూ ఉండకూడదు. దాంతో సుమారు 50 రాలిపోయాయి. వాటిలో గుండె తరుక్కుపోయేది హార్వీ హాడిక్స్‌ది, 1959 మే 26, మిల్వాకీలో. 12 ఇన్నింగ్స్, 36 మంది బ్యాటర్లు, ఒక్కడూ బేస్ చేరలేదు. కానీ తన జట్టు కూడా ఒక్క పరుగు చేయలేదు. 13లో మూడో బేస్ ఫీల్డర్ పొరపాటున ఒకడు చేరాడు, బంట్‌తో రెండో బేస్‌కి జరిగాడు, హ్యాంక్ ఆరన్‌కి కావాలని వాక్ ఇచ్చారు, జో అడ్‌కాక్ బంతిని కంచె దాటించాడు. ఆరన్ బేస్ దారి వదిలేయడంతో హోమ్ రన్ కాస్తా డబుల్ అయింది, స్కోరు 1-0. ఎదుటి పిచ్చర్ లూ బర్డెట్ 12 హిట్లు ఇచ్చి గెలిచాడు. ఈ మ్యాచ్ పర్ఫెక్ట్ గేమ్‌ల (ఎదుటి బ్యాటర్ ఒక్కడూ బేస్ చేరనివి) జాబితాలోకి రాదు. పట్టిక కింద ప్రత్యేకంగా రాసుకోండి.

నోలన్ రయాన్ 5,714 స్ట్రైకవుట్‌లు: 27 సీజన్లు, సగటున ఏడాదికి 212. ఇప్పుడు స్ట్రైకవుట్‌లు వరదలా వస్తున్నాయి కాబట్టి దాటేస్తారనుకోవద్దు. ఇన్నింగ్స్‌కి స్ట్రైకవుట్‌లు పెరిగాయి గానీ ఒక పిచ్చర్ వేసే ఇన్నింగ్స్ తగ్గాయి. రెండో స్థానంలోని రాండీ జాన్సన్ 4,875 దగ్గరే ఆగాడు. రయాన్ 2,795 వాక్‌లు కూడా రికార్డే, పక్కనే రాయండి.

దుమ్మురేపేస్లైడ్

బేస్ దొంగతనాలు (బంతిని ఎవరూ కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం) ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఒక హెచ్చరిక. 2023లో బేస్‌లను 15 అంగుళాల నుంచి 18 అంగుళాల చదరాలుగా పెంచారు, మొదటి నుంచి రెండో బేస్ దూరం నాలుగున్నర అంగుళాలు తగ్గింది. రన్నర్‌ని పట్టడానికి పిచ్చర్ మౌండ్ వదిలే అవకాశాలు రెండుకి కుదించారు. మూడోసారి ప్రయత్నించి పట్టలేకపోతే రన్నర్‌కి బేస్ ఊరికే వస్తుంది. షోహే ఒతాని 2024లో 54 హోమ్ రన్‌లు, 59 దొంగతనాలతో తొలి 50-50 చేసింది ఈ నియమాల కిందే. దాంతో ఆ ఘనత తగ్గదు. సెప్టెంబర్ 19న మయామిలో 6కి 6, మూడు హోమ్ రన్‌లు, రెండు దొంగతనాలు, 10 ఆర్‌బీఐలు చేసి ఆ గీత దాటాడు. రికీ హెండర్సన్ 1982లో 130 దొంగిలించింది మాత్రం చిన్న బేస్‌ల మీద, పిచ్చర్ ఎన్నిసార్లైనా విసరగల రోజుల్లో. అందుకు చెల్లించిన మూల్యం 42 సార్లు పట్టుబడటం.

పట్టిక తేదీల వారీగా అయితే 1991 మే 1కి రెండు వరుసలు వదలండి. పగలు ఓక్లాండ్‌లో హెండర్సన్ 939వ దొంగతనంతో లూ బ్రాక్‌ని దాటాడు, కెరీర్ ముగిసేసరికి అది 1,406 అయింది. అదే రాత్రి ఆర్లింగ్టన్‌లో 44 ఏళ్ళ రయాన్ టొరంటో మీద 16 స్ట్రైకవుట్‌లతో ఏడో నో-హిట్టర్ వేశాడు.